ఐపీ పెట్టే ముందు

జిల్లా ఎడిషన్ లోపలి పేజీల్లో, స్థలాల అమ్మకాలకీ పెళ్లి సంబంధాలకీ నడుమ ఇరుకుగా కొన్ని కోర్టు ప్రకటనలు అచ్చవుతుంటాయి. సీనియర్ సివిల్ జడ్జి వారి కోర్టు, ఐ.పి. (దివాలా పిటిషను) నంబరు ఇంత, పిటిషనరు ఫలానా అని మొదలై, ఆ కింద ప్రతివాదుల పేర్లు బారులు తీరతాయి. ఎరువుల కొట్టు యజమాని, చీటీలు పాడించే ఆవిడ, పక్కింటాయన, ఒక్కోసారి సొంత వియ్యంకుడు. సాయంత్రానికి ‘ఐపీ పెట్టాడట’ అన్న కబురు ఊరంతా తిరిగేస్తుంది. చెప్పేవాళ్ల గొంతులో జాలి కన్నా ‘ముంచేశాడు’ అన్న కసే ఎక్కువ.

ఆ కసి గాలిలోంచి పుట్టలేదు. పొలం బావమరిది పేరా, ఇల్లు భార్య పేరా రాసేసి, ఆపైన చేతులెత్తేసిన ఘనులు ప్రతి ఊరికీ తెలుసు. వాళ్ల పుణ్యమా అని, మిర్చి ధర పడిపోయో, ఇంట్లో ఒకరి ఆపరేషనుకో, చీటీలు కట్టించుకున్నవాడు బోర్డు తిప్పేసో నిజంగా మునిగినవాడు కూడా అదే చూపు భరించాల్సి వస్తోంది. ఆ చూపుకి జడిసి నూటికి ఐదు రూపాయల వడ్డీకి కొత్త అప్పు తెచ్చి పాత బాకీకి జమ కడతాడు. ఆ దారి ఎక్కడికి పోతుందో 2015 డిసెంబరులో విజయవాడలో అధిక వడ్డీలకు అప్పులిచ్చి వేధించిన కాల్‌మనీ వ్యవహారం బయటపడ్డప్పుడు అందరం చూశాం.

ఆంధ్ర జిల్లాల్లో ఐపీకి ఆధారం 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం. అప్పులు తీర్చలేని స్థితిలో ఉండి, బాకీలు 500 రూపాయలకు చేరితే చాలు, పిటిషను వేసుకోవచ్చంటుంది. వందేళ్ల కిందట 500 అంటే మాటలు కాదు. ఇదే చట్టంలో ఇంకో అంకె ఉంది. దివాలాదారుగా ప్రకటితుడై ఇంకా విముక్తి పొందనివాడు, ఆ సంగతి దాచి ఎవరి దగ్గరైనా 50 రూపాయలో అంతకు మించో అరువు తెచ్చుకుంటే ఆరు నెలల దాకా జైలు. ఇవాళ ఇద్దరు టిఫిన్ చేసి ఖాతా రాయిస్తే ఆ గీత దాటినట్టే!

2016లో కొత్త దివాలా స్మృతి వచ్చింది కదా అంటారు. వచ్చింది. వ్యక్తుల కోసం అందులో ప్రత్యేక భాగం ఉంది, ఏటా 60 వేలకు మించని ఆదాయం, 35 వేలకు మించని అప్పు ఉన్న నిరుపేదలకు బాకీలు కొట్టేసే ఏర్పాటు కూడా రాశారు. కానీ 2019 డిసెంబరు 1న ఆ భాగాన్ని అమల్లోకి తెచ్చింది కంపెనీల అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చిన వాళ్ల వరకే. ఎరువుల కొట్టుకి బాకీపడ్డ కౌలు రైతుకి ఇప్పటికీ ఆ పాత చట్టమే గతి.

పిటిషను వేయగానే అప్పులు ఎగిరిపోతాయనుకోవడం పెద్ద భ్రమ. అప్పులవాళ్ల ఎదుటే కోర్టు అతన్ని విచారిస్తుంది, లెక్కల పుస్తకాలు చూస్తుంది. దివాలాదారుగా ప్రకటించిన క్షణం నుంచి ఆస్తి అతనిది కాదు, కోర్టుదో, కోర్టు నియమించిన రిసీవర్‌దో. కట్టుబట్టలు, వంటపాత్రలు, చేతివృత్తి పనిముట్లు, రైతు కాపురముండే ఇల్లు, జీతంలో కొంత భాగం లాంటివి మాత్రం చట్టం ముట్టుకోనివ్వదు. అప్పటి నుంచి కోర్టు అనుమతి లేకుండా అప్పులవాళ్లు కొత్త దావా వేయలేరు. తాకట్టు పెట్టించుకున్న బ్యాంకుకి ఈ కట్టడి లేదు, తన తాకట్టు తాను చూసుకుంటుంది.

అసలు ఘట్టం ఆ తర్వాత విముక్తి దగ్గర వస్తుంది. కోర్టు పెట్టిన గడువులోగా అతనే దరఖాస్తు చేసుకోవాలి. చేసుకోకపోతే దివాలా ప్రకటనే రద్దవుతుంది, నీడ పోతుంది. చేసుకున్నా, తాకట్టు లేని బాకీల్లో రూపాయికి ఎనిమిది అణాల విలువైనా ఆస్తి లేకపోతే పూర్తి విముక్తి ఇవ్వకూడదని చట్టం. అయితే ఆ లోటు తన తప్పు వల్ల రాలేదని రుజువు చేసుకునే అవకాశం ఇచ్చింది. మునిగినవాణ్ణీ ముంచినవాణ్ణీ చట్టం విడదీసి చూసేది ఇక్కడే. ఆసుపత్రి బిల్లులు, యార్డులో సరుకు అమ్మిన పట్టీలు, చీటీ రసీదులు దాచుకున్నవాడికి ఒక దారి దొరుకుతుంది. పారేసుకున్నవాడి మాట నిజమే అయినా కోర్టులో నిలబడటం కష్టం.

విముక్తి వచ్చినా ప్రభుత్వ బకాయిలు, మోసంతో తెచ్చిన అప్పులు, భార్యాబిడ్డల మనోవర్తి పోవు. చెక్కు బౌన్సు క్రిమినల్ కేసు ఐపీ వేసినంత మాత్రాన ఆగదు. ఇచ్చిన ఖాళీ చెక్కులు ఎవరెవరి బీరువాల్లో ఉన్నాయో వకీలుకి మొదటి రోజే చెప్పాలి.

వకీలు అంటే ఏ వకీలు? బోర్డులు, ప్రకటనలు చూసి వెతికితే దొరకడు, న్యాయవాదులు ప్రచారం చేసుకోకూడదని బార్ కౌన్సిల్ నియమం. పిటిషను వేయాల్సింది అప్పుదారు ఉండే చోటో, వ్యాపారం చేసే చోటో పరిధి ఉన్న కోర్టులోనే కాబట్టి, నగరంలోని పెద్ద పేరు కన్నా ఆ కోర్టులో రోజూ తిరిగే మనిషే నయం. ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో ఆ కోర్టు ఎంచుకుని కేసు రకం ప్రకారం, న్యాయవాది పేరు ప్రకారం వెతకొచ్చు. ఐపీలు ఎవరు వేస్తున్నారో, అవి ఎలా ముగిశాయో అక్కడే తెలుస్తుంది. పదేళ్లుగా ఊరికే వాయిదాలు పడుతున్నవి ఎక్కువుంటే అదీ ఒక సమాచారమే. ఫీజు కట్టలేని వాళ్లు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లొచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం హక్కు. ఫోను నంబరు 15100.

‘గెలిస్తే ఇంత శాతం’ అనేవాడి దగ్గర ఆగొద్దు, అలా ఫీజు మాట్లాడుకోవడమే నిబంధనలకు విరుద్ధం. ‘ముందు ఆస్తి ఎవరి పేరనైనా మార్చెయ్యండి, తర్వాత చూద్దాం’ అనేవాడు అంతకన్నా ప్రమాదం. దివాలా పిటిషనుకు ముందు రెండేళ్లలో ప్రతిఫలం లేకుండా చేసిన బదలాయింపుల్ని రిసీవర్ రద్దు చేయించగలడు. పిటిషనుకి మూడు నెలల ముందు ఒక్క బావకో బాబాయికో గుట్టుగా బాకీ తీర్చి మిగతావాళ్లని వదిలేసినా చెల్లదు. ఆ సలహా ఇచ్చిన వకీలు ఊళ్లోనే ఉంటాడు, బోనులో నిలబడేది మాత్రం మీరు.

మంచి వకీలు మొదటిసారి కూర్చున్నప్పుడే ఇబ్బంది పెడతాడు. రెండేళ్లలో ఏం అమ్మారు, ఎవరికి రాశారు, చేతిబదుళ్లు ఎన్ని అని తవ్వుతాడు. అప్పు ఒకరిద్దరిదే అయితే ఐపీ వద్దని, లోక్ అదాలత్‌లో రాజీ చూసుకోమని పంపేస్తాడు. ఎందుకంటే ఒకసారి వేసిన పిటిషనుని కోర్టు అనుమతి లేకుండా వెనక్కి తీసుకోలేరు, విముక్తి వచ్చేదాకా చట్టసభలకు పోటీ చేసే అర్హతా ఉండదు. అన్నిటికన్నా ముఖ్యంగా, మీకు హామీ సంతకం పెట్టిందెవరని అడుగుతాడు. మీ విముక్తి ఆ సంతకాన్ని చెరపదు. మీరు బయటపడ్డ మర్నాడు అప్పులవాడు నేరుగా అతని గుమ్మం ఎక్కొచ్చు. ఆ మనిషికి ఈ కబురు పేపర్లో ప్రకటన చూసి కాకుండా మీ నోటి నుంచే, పిటిషను వేయకముందే తెలియాలి.