వెలుతురు అబద్ధం చెప్పకూడదు!

ఫోటోలో చూస్తే ముదురు మెరూన్. ముచ్చటపడి తెప్పించుకుని పెట్టె విప్పితే... ఇటుక రంగు! కొన్నవాళ్లు ‘మోసం’ అంటారు. అమ్మినవాళ్లు ‘మేం పంపింది ఆ చీరేనండీ’ అని నెత్తీనోరూ బాదుకుంటారు. చాలాసార్లు ఇద్దరిదీ నిజమే. మధ్యలో మాట మార్చింది... వెలుతురు!

చీరలు, పచ్చళ్లు, రాళ్ల నగలు, కొండపల్లి బొమ్మలు, ఇత్తడి దీపాలు... ఇంట్లో కూర్చునే ఫోన్లో అమ్ముకుంటున్నవాళ్లు ఇప్పుడు ఊరూరా ఉన్నారు. దుకాణంలో అయితే కొనేవాళ్లు చేత్తో తడిమి చూస్తారు, మడత విప్పి చూస్తారు. ఇక్కడ ఆ వీల్లేదు. ఉన్నదల్లా ఒక్క ఫోటో. అందుకే కాబోలు, అమ్మకాలు తగ్గగానే అందరికీ మొదట వచ్చే ఆలోచన ‘కొత్త కెమెరా కొందాం’ అని. ఆగండి! మార్చాల్సింది కెమెరా కాకపోవచ్చు. ముందు వెలుతురు సంగతి చూడండి.

గుమ్మం దాకా ఎందుకు?

బట్టల దుకాణంలో చీర నచ్చాక, పెద్దవాళ్లు దాన్ని పట్టుకుని గుమ్మం దాకా వెళ్లి పగటి వెలుగులో ఓసారి తిప్పి చూస్తారు. గుర్తుందా? అది చాదస్తం కాదు, అచ్చమైన సైన్సు. ఎండలో అన్ని రంగులూ ఉంటాయి. కాబట్టి వస్తువు అసలు రంగు కనిపిస్తుంది. దీపాలన్నీ అలా ఉండవు. మామూలు ఎల్‌ఈడీలు చాలావాటిలో ముదురు ఎరుపు పాలు తక్కువ. అందుకే వాటి కింద కుంకుమ రంగు వెలవెలబోతుంది, మెరూన్ మట్టిరంగుకు తిరుగుతుంది. ఒక దీపం కింద ఒకేలా కనిపించిన చీర, జాకెట్టు ముక్క బయటికొచ్చాక వేర్వేరు రంగుల్లో కనిపించడమూ ఇందుకే.

రంగుల్ని దీపం ఎంత నిజాయతీగా చూపిస్తుందో చెప్పడానికి ఓ కొలత ఉంది. పేరు సీఆర్‌ఐ. ఎండకు నూటికి 100 మార్కులు. ఇళ్లలో వాడే మామూలు ఎల్‌ఈడీలకు 80 దాకా వస్తాయి. ఫోటోలకు 95, ఆపైన ఉన్నది కావాలి. బల్బు పెట్టె మీద ఈ అంకె ఉందేమో వెతకండి. వాట్లు చూసి కొనే అలవాటు ఇక్కడ పనికిరాదు.

ఒక ఒరలో రెండు కత్తులు

వెలుతురుకు రంగు కూడా ఉంటుంది. దాన్ని కెల్విన్లలో కొలుస్తారు. పాతకాలపు పసుప్పచ్చ బల్బుది సుమారు 2700. మధ్యాహ్నపు ఎండది 5500 అటూఇటూ. ‘కూల్ డేలైట్’ అని అమ్మే ట్యూబులైటుది 6500. అంకె పెరిగేకొద్దీ వెలుగు నీలం వైపు జరుగుతుంది.

మన కన్ను దీనికి ఇట్టే సర్దుకుంటుంది. కెమెరా కూడా సర్దుకుంటుంది కానీ, ఒకసారికి ఒక్క వెలుగుకే! ఓ పక్క కిటికీ వెలుతురు, నెత్తిన పసుప్పచ్చ బల్బు ఉంటే చీర ఓ అంచు నీలంగా, రెండో అంచు పసుపుగా వస్తుంది. తర్వాత ఎంత దిద్దినా రెండూ కుదరవు. అందుకే మొదటి సూత్రం... ఫోటో తీసే గదిలో ఒకే రకం వెలుతురు. కిటికీ చాలనుకుంటే దీపాలన్నీ ఆర్పేయండి. దీపాలు వాడదలిస్తే కిటికీ మూసేయండి.

కిటికీయే స్టూడియో

ఖర్చులేని మంచి దీపం ఇంట్లోనే ఉంది. ఉత్తరం వైపు కిటికీ! అటు నుంచి నేరుగా ఎండ పడేది తక్కువ. వెలుతురు రోజంతా దాదాపు ఒకేలా, మెత్తగా ఉంటుంది. వేరే వైపు కిటికీ అయితే దానికి పల్చటి తెల్ల పంచె కట్టండి. సూటిగా వచ్చే ఎండ కాస్తా చెదిరి, నీడలు మెత్తబడతాయి.

వస్తువును కిటికీకి పక్కగా పెట్టండి. వెలుగు ఒకవైపు నుంచి పడాలి. రెండోవైపు నీడ మరీ నల్లగా ఉంటే అక్కడ ఓ తెల్ల థర్మాకోల్ షీటు నిలబెట్టండి. అది వెలుగును తిప్పి కొడుతుంది. చుట్టుపక్కలున్న రంగులూ ఇలాగే తిరిగొస్తాయి సుమా! ఎర్ర గచ్చు మీద తెల్ల చీర పరిస్తే మడతల్లో ఎరుపు జీర పడుతుంది. ఆకుపచ్చ గోడ పక్కన వెండి గిన్నె పెడితే అదీ పచ్చబడుతుంది. కింద, పక్కన తెల్ల చార్టులు ఉంటే ఈ బాధ ఉండదు.

లైటు కొనాలంటే...

పగలు తీరిక దొరకనివారికి, వానాకాలంలో చీకటి కమ్మేసే ఇళ్లకు దీపం తప్పదు. మొదటిసారి కొనేవారికి ఎప్పుడూ వెలిగి ఉండే ఎల్‌ఈడీయే సులువు. నీడ ఎక్కడ పడుతోందో, మెరుపు ఎక్కడ వస్తోందో తీయకముందే కంటికి కనిపిస్తుంది. స్టూడియోల్లో వాడే ఫ్లాష్ వెలుగు ఎక్కువే కానీ, అది పడ్డాకే ఫలితం తెలిసేది.

మెత్తటి వెలుగు కావాలంటే దీపం ముఖం పెద్దదిగా ఉండాలి. చిన్న బల్బు నీడను కత్తితో కోసినట్టు వేస్తుంది. దానికే సాఫ్ట్‌బాక్స్ తొడిగితే, అంటే ముందు తెల్ల గుడ్డ ఉన్న పెద్ద పెట్టె బిగిస్తే, నీడ అంచులు కరిగిపోతాయి. అయితే ఎంత పెద్ద దీపమైనా దూరం జరిపితే చిన్నదాని కిందే లెక్క. పైగా దూరం రెట్టింపైతే వస్తువు మీద పడే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. చిన్న నగకు దీపం దగ్గరగా ఉండొచ్చు. ఆరు గజాల చీర పరిచినప్పుడు మాత్రం కాస్త వెనక్కి జరపాలి. లేదంటే కొంగు వెలిగిపోతుంది, కుచ్చిళ్ల వైపు చీకటిగా ఉండిపోతుంది.

చాలామంది దగ్గర ఇప్పటికే రింగ్ లైటు ఉంటుంది. ముఖాలకు అది బాగానే పనిచేస్తుంది. ఇత్తడి చెంబు ముందు పెట్టారో... చెంబు మీద తెల్లటి గాజు తొడిగినట్టు ఆ గుండ్రమే కనిపిస్తుంది! ఇక, ఫోటోలో అడ్డంగా నల్లచారలు వస్తుంటే ఫోన్ పాడైందనుకోకండి. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది. నాసిరకం ఎల్‌ఈడీలు దానితోపాటు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి తెలియని ఆ మినుకే కెమెరాకు చిక్కుతుంది. షట్టర్ వేగం 1/50కి తగ్గిస్తే చాలావరకు పోతుంది.

వస్తువును బట్టి వెలుగు

చేనేత చీర: ఎదురుగా వెలుగు కొడితే నేత అంతా చదునుగా కనిపిస్తుంది. పక్క నుంచి, కాస్త వాలుగా పడితే దారం దారం తెలుస్తుంది. పోచంపల్లి ఇక్కత్‌లో దారాలకు ముందే రంగులద్ది నేస్తారు కాబట్టి నమూనా అంచులు కొంచెం అలికినట్టుంటాయి. అది దాని గుర్తు. పదును పెంచే ఫిల్టర్లతో చెరపకండి. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు ఉండే నెమలికంఠం చీర వాలును బట్టి నీలంగానూ, ఆకుపచ్చగానూ కనిపిస్తుంది. ఒక్క ఫోటో దానికి న్యాయం చేయదు. మడతలు మార్చి రెండు మూడు తీయండి.

ఇత్తడి, స్టీలు: వీటి మీద కనిపించేది వాటి చుట్టూ ఉన్న లోకం. మీరు, మీ ఫోన్, ఫ్యాను... అన్నీ! అందుకే నాలుగువైపులా తెల్ల గుడ్డ కట్టి, బయటి నుంచి వెలుగివ్వండి. అంచులు తెల్లదనంలో కలిసిపోతుంటే పక్కన సన్నటి నల్ల చార్టు ముక్క పెట్టండి. ఆకారం తేలుతుంది.

గాజు సీసాలో ఆవకాయ: వెలుగు వెనక నుంచి, తెల్లకాగితం గుండా రావాలి. నూనె ఎరుపు అప్పుడు నిగనిగలాడుతుంది. లేబుల్ కనిపించడానికి ముందు థర్మాకోల్ ముక్క చాలు.

రాళ్ల నగలు: బంగారానికి మెత్తటి వెలుగు కావాలి. రాయి మెరవాలంటే చిన్న, సూటి వెలుగు కావాలి. పెద్ద దీపానికి తోడుగా పక్క నుంచి ఓ చిన్న ఎల్‌ఈడీ వేయండి.

తెల్లవి, నల్లవి: తెల్ల చీరను కెమెరా బూడిద రంగుకు లాగుతుంది, నల్లదాన్ని వెలిసినట్టు చూపిస్తుంది. తెరమీద వేలు పెట్టి, తెలుపుకు వెలుగు కాస్త పెంచండి, నలుపుకు తగ్గించండి.

పంపేముందు...

ఫోటో తీశాక ఫోన్లో కళ్లకు హాయిగా ఉండే పసుపు తెరను ఆపేయండి. వస్తువును పగటి వెలుగులో పట్టుకుని ఫోటోతో పోల్చండి. వీలైతే ఇంట్లో మరో రెండు ఫోన్లలోనూ చూడండి. తేడా ఉంటే దిద్దండి. అప్పటికీ రంగు కుదరకపోతే ఆ మాటే కింద రాసేయండి... ‘ఫోటోలో కన్నా ఒక ఛాయ లేతగా ఉంటుంది’ అని.

ఇది మర్యాద మాత్రమే కాదు. ప్రకటనలో చూపినదానికీ వస్తువుకూ పొంతన ఉండాలని, లేకుంటే వెనక్కి తీసుకోవడానికి అమ్మినవారు నిరాకరించకూడదని 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. చీర తిరిగొస్తే రానూపోనూ కొరియర్ ఖర్చు ఒక్కటే కాదు, ఆ ఇంటి నుంచి వచ్చే తర్వాతి ఆర్డరూ పోతుంది.

రంగులు పెంచి తీసిన ఫోటో ఒక్కసారి అమ్ముడవుతుంది. ఉన్నదున్నట్టు చూపిన ఫోటో మాత్రం పెట్టె విప్పిన ఇంట్లో ‘అచ్చం ఫోటోలో ఉన్నట్టే ఉంది’ అనిపిస్తుంది. చిన్న వ్యాపారానికి అంతకు మించిన ప్రకటన ఏముంటుంది!