గోలీతోపాటు గుగ్గులు కూడానా?
(రేడియో ప్రసంగం)



యాభై దాటిన మగవాళ్లు, ఆ మాటకొస్తే మనమూనూ, రాత్రి భోజనమయ్యాక కొలెస్ట్రాల్ గోలీ వేసుకోవడం ఈ రోజుల్లో మామూలైపోయింది. అటర్వాస్టాటిన్ అనో రోసువాస్టాటిన్ అనో అట్ట మీద ఉంటుంది. దాని పక్కనే ఇంకో సీసా కూడా ఉంటుంది, చూడండి. గుగ్గులు బిళ్లలో, వెల్లుల్లి గొట్టాలో, ఎవరో మంచిదంటే తెచ్చినవి. నెక్కొండలో రైలెక్కి వరంగల్లు పోయి పెద్ద డాక్టరుకు చూపించుకునే ఇల్లాలు, "ఇంకేం మందులు వాడుతున్నవమ్మా?" అని ఆయన అడిగితే "ఏం లేవు సార్" అంటుంది. అబద్ధమాడిందని కాదు. పసరుమందు ఆమె లెక్కలో మందే కాదు! చిక్కంతా అక్కడే వస్తున్నది.

మన ఒంట్లోని కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం కాలేయం తయారుచేసేదే. గోలీ ఆ తయారీని తగ్గిస్తుంది. పనయ్యాక ఆ గోలీని విరిచి బయటికి పంపేదీ కాలేయమే. కొన్ని మూలికలు ఈ విరిచే పనిని తొందరపెడతాయి, అప్పుడు గోలీ వేసుకున్నా ఫలితముండదు. కొన్ని అడ్డం పడతాయి, అప్పుడు మందు ఒంట్లో పేరుకుని కండరాలను బాధిస్తుంది.

గుగ్గులు సంగతే తీసుకుందాం. ధూపంలో వేసే మహిసాక్షి ఉందే, ఆ బంకే ఇది. 1966లో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో డాక్టర్ జి.వి. సత్యవతిగారు దీని మీద పరిశోధించి కొవ్వు తగ్గుతుందని చూపారు. తర్వాత లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ దాని నుంచి మందే తయారుచేసింది. ఒక ఆడకూతురు మొదలుపెట్టిన పని కదా, నాకూ గర్వంగానే ఉంటుంది. కాని 2003లో అమెరికాలో 103 మందికి ఎనిమిది వారాలు ఇచ్చి చూస్తే చెడ్డ కొలెస్ట్రాల్ తగ్గకపోగా 5 శాతం దాకా పెరిగింది. కొందరికి ఒంటిమీద దద్దుర్లు లేచాయి. గుండెకూ బీపీకీ ఇచ్చే ప్రొప్రనొలాల్, డిల్టియాజెమ్ మందులు గుగ్గులుతో కలిపి వేసుకుంటే రక్తంలోకి తక్కువగా చేరతాయని కూడా తేలింది.

అమెరికా నుంచి పిల్లలు తెచ్చే సీసాల్లో 'రెడ్ ఈస్ట్ రైస్' ఒకటి. మనం వండుకునే ఎర్రబియ్యం కాదిది, బూజు పట్టించి పులియబెట్టిన బియ్యం. ఇందులో పుట్టే పదార్థమూ, లోవాస్టాటిన్ అనే గోలీ మందూ ఒకటే! అంటే గోలీ మీద గోలీ వేసుకున్నట్టే. అసలీ జాతి మందులన్నిటికీ మూలం 1970లలో జపాన్‌లో అకిరా ఎండో బూజులో కనిపెట్టిన పదార్థమే. "గోలీ కెమికల్, ఇది ప్రకృతి" అనే వాదన ఇక్కడ చెల్లదు.

తిప్పతీగ కషాయం కరోనా రోజుల్లో ఇంటింటా కాచారు. అది తాగి కాలేయం దెబ్బతిన్నవాళ్ల వివరాలను 2021లో ముంబయి డాక్టర్లు ప్రకటించారు. కాలేయం మీదే పనిచేసే గోలీ వాడేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

చారులో వేసే వెల్లుల్లికీ, పోపులో మెంతులకీ భయపడకండి. వెల్లుల్లి గొట్టాల సంగతి వేరు. రక్తం పలచబడే ఆస్పిరిన్ కూడా వాడుతుంటే డాక్టరునడగందే వద్దు.

ఈసారి ఆసుపత్రికి పోయేటప్పుడు సీసాలన్నీ సంచిలో వేసుకుని పోండి. మనంతట మనం గోలీ మానెయ్యకూడదు. తొడలు, భుజాలు కారణం లేకుండా నొప్పి పెట్టినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా బామ్ రాసుకుని పడుకోక ఆ రోజే చూపించుకోండి. ఇసబ్‌గోల్ తాగేవాళ్లు మానక్కర్లేదు. గోలీకీ దానికీ మధ్య రెండు గంటలు ఎడముంటే చాలు.