తెలుగు నేర్చిన దొరల కాలేజి

పిల్లలూ! కాలేజీలో చేరి పరాయి దేశపు భాష నేర్చుకోవటం అంటే మనకు ఫ్రెంచి, జర్మను, జపాను భాషలు గుర్తుకు వస్తాయి. కాని రెండువందల ఏళ్ళ క్రితం మద్రాసులో ఒక కాలేజి వుండేది. అక్కడ విద్యార్థులకు పరాయి భాష ఏదో తెలుసా? మన తెలుగే!

దాని పేరు ఫోర్టు సెయింట్ జార్జి కాలేజి. 1812 లో ప్రారంభమయింది. ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరి, ఇంగ్లండు నుంచి ఓడ దిగిన కుర్రవాళ్ళు అందులో విద్యార్థులు. మన పండితులు వాళ్ళకు గురువులు. తెలుగు, తమిళం, కన్నడం, సంస్కృతం, హిందుస్తానీ వంటి భాషలు అక్కడ నేర్పేవారు.

కంపెనీ ఈ చదువు చెప్పించింది మన మీది ప్రేమతో కాదు. జిల్లాలకు వెళ్ళి పన్నులు వసూలు చేయటానికీ, తగవులు తీర్చటానికీ భాష తెలిసిన ఉద్యోగులు కావాలి. ఒక రైతు వచ్చి, "అయ్యా, వానలు లేక పంట పోయింది, పన్ను తగ్గించండి," అని మొరపెట్టుకొంటాడు. దొరకు తెలుగు రాదు. మధ్యన దుబాసి వుంటాడు. దుబాసి లంచం తిని మరొక విధంగా చెబితే, రైతు కొంప మునిగినట్టే గదా! భాష రాని అధికారి చేతిలో న్యాయం ఎంత బలహీనమో దీన్నిబట్టి మీరు ఊహించవచ్చు.

ఆ కుర్రవాళ్ళకు తెలుగు సులభంగా రాలేదు. మనం "కల్లు" అన్నా, "కళ్ళు" అన్నా వాళ్ళ చెవికి ఒకటే. ఇంగ్లీషులో చిన్నవాడికీ పెద్దవాడికీ "యూ" అనే ఒక్క మాట చాలు. తెలుగులో "నువ్వు" అనవలసిన చోటూ, "మీరు" అనవలసిన చోటూ తెలుసుకోవాలి. పైగా ఇంగ్లీషువాడికి క్రియ వాక్యం మధ్యన వస్తుంది. తెలుగులో చివరిదాకా ఆగితేగాని, మనిషి వచ్చాడో రాలేదో తెలియదు!

ఇటువంటి కాలేజీలో ఒక గొప్ప విషయం బయటపడింది. దక్షిణదేశపు భాషలన్నీ సంస్కృతంలోంచి పుట్టాయని అప్పటి పండితులు చాలామంది అనుకొనేవారు. కాలేజీని నడిపించిన ఎల్లిస్ దొర తన పండితుల సహాయంతో తెలుగు, తమిళం, కన్నడాల ధాతువులను పక్కపక్కన పెట్టి పోల్చి చూశాడు. ఆ పని ఎటువంటిదో మీరే చూడండి: మనం "పల్లు" అంటే తమిళులు "పల్" అంటారు, కన్నడిగులు "హల్లు" అంటారు. సంస్కృతంలో అది "దంతం". మనం "కన్ను" అంటే తమిళులు "కణ్" అంటారు, కన్నడిగులు "కణ్ణు" అంటారు. సంస్కృతంలో అది "అక్షి". ఈ భాషలు సంస్కృతం నుంచి ఎన్నో మాటలు తెచ్చుకొన్నా, వీటి వేళ్ళు వేరనీ, ఇవన్నీ ఒక కుటుంబమనీ ఎల్లిస్ 1816 లో ప్రకటించాడు. ఆ వ్యాసం కాంబెల్ దొర రాసిన తెలుగు వ్యాకరణానికి ముందుమాటగా అచ్చయింది.

మరుసటి ఏడు, 1817 లో, పద్ధెనిమిదేళ్ళ కుర్రవాడొకడు మద్రాసు చేరి ఈ చదువులో పడ్డాడు. అతడే చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. వెలగపూడి కోదండరామ పంతులుగారు అతనికి తెలుగు నేర్పారు. 1820 లో బ్రౌన్ ఉద్యోగం మీద కడప వెళ్ళాడు.

పరీక్ష అయిపోగానే పుస్తకం మూసేసేవాళ్ళు అప్పుడూ వున్నారు, ఇప్పుడూ వున్నారు. బ్రౌన్ మూయలేదు. కడపలో ఒక బంగళా కొని పండితులను పిలిపించి, సొంత డబ్బుతో జీతాలిచ్చాడు. తాటాకుల మీది పాత కావ్యాలు అప్పటికే పురుగులు తిని పోతున్నాయి. ఒకరిని చూసి ఒకరు రాసుకోవటంలో తప్పులు కూడా పేరుకొన్నాయి. అందుచేత ఒకే గ్రంథానికి అనేక ప్రతులు తెప్పించి, పోల్చి, తప్పులు దిద్ది, కొత్తగా రాయించాడు. వేమన పద్యాలను ఏరి, ఇంగ్లీషు అనువాదంతో 1829 లో అచ్చువేయించాడు. ఏళ్ళ తరబడి శ్రమపడి తయారుచేసిన తెలుగు - ఇంగ్లీషు నిఘంటువు 1852 లో వెలువడింది. అందులో గ్రంథాల మాటలే గాక, సామాన్యులు మాట్లాడే మాటలు కూడా వున్నాయి. ఈనాటికీ దాన్ని వాడుతూనే వున్నారు. కడపలో ఆయన బంగళా వుండిన చోట ఇప్పుడు ఆయన పేరనే ఒక గ్రంథాలయం వున్నది.

మరి ఇప్పుడు మన వంతు. 1958 లో హైదరాబాదులో ఇంగ్లీషు బోధనకు ఒక కేంద్ర సంస్థ వెలిసింది. తరవాత అక్కడ విదేశీ భాషలు కూడా చేరాయి. ఈనాడు అది ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం. ఫ్రెంచి, జర్మను, రష్యను, అరబ్బీ, స్పానిషు, చైనా, జపాను భాషలు అక్కడ చదువుకోవచ్చు.

పరాయి భాష అనగానే భయపడకండి. మీ తెలుగే మీకు సాయం చేస్తుంది. జపాను భాషలో "హోన్ ఓ యోమిమాస్" అంటే "పుస్తకాన్ని చదువుతాను" అని అర్థం. "హోన్" అంటే పుస్తకం, "ఓ" మన "ను" వంటిది, "యోమిమాస్" క్రియ. చూశారా, మన వాక్యం లాగే విభక్తి మాట వెనకా, క్రియ చివరా వచ్చాయి! ఫ్రెంచిలో మన "నువ్వు, మీరు" లాగే "త్యు, వూ" అని రెండు మాటలున్నాయి. జర్మనులో మాత్రం కాస్త జాగ్రత్త: వాళ్ళ వ్యాకరణంలో "బాలిక" అనే మాట నపుంసకలింగం!

కొత్త భాష నేర్చినవాడికి దుబాసీ అక్కర లేదు. అవతలివాడి కష్టసుఖాలను స్వయంగా వినగలడు. అంతేకాదు, తన భాషను కూడా కొత్త కళ్ళతో చూడగలడు. మన ఇంటి పెరట్లో వేమన అనే నిధి వున్నదని ఎక్కడినుంచో వచ్చిన కుర్రవాడు గుర్తించాడు. మీరు నేర్చుకోబోయే భాషలో మీ కోసం ఏ నిధి దాగి వున్నదో, వెళ్ళి వెతికితేగాని తెలియదు.