మానసిక వార్డులో నర్సు: 24 గంటల తోడు

"సిస్టర్, ఆ వార్డులో పనిచేయాలంటే మీకు భయం వేయదా?"

మానసిక వైద్య విభాగంలో నర్సులమని చెప్పగానే చాలామంది మమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న ఇదే. ఆ తరువాత రెండవ ప్రశ్న వస్తుంది. "ఆపరేషన్లు లేవు, కట్లు కట్టేది లేదు. ఇక మీకక్కడ పనేముంటుంది?" పెళ్ళిచూపులకు వచ్చినవారు "అమ్మాయి ఏ వార్డులో చేస్తుంది?" అని అడిగి, జవాబు విన్నాక మాట మార్చేయడం మాలో కొందరికి అనుభవమే. అందుకే ఈ సంచికలో మా పని గురించి మీతో నాలుగు మాటలు చెప్పాలనుకున్నాం. ఇది మా గొప్ప చెప్పుకోవడానికి కాదు. మేము వార్డులో చేసే పనిలో సగం, రోగి ఇంటికి వెళ్ళాక మీరు చేయవలసిన పని కాబట్టి.

మేమూ అందరు నర్సుల్లాగే జి.ఎన్.ఎం. గానీ, నాలుగేళ్ళ బి.ఎస్సీ. నర్సింగ్ గానీ చదివి, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టరు చేయించుకున్నవాళ్ళమే. ఇక భయం సంగతి. మా వార్డుకు వచ్చేవారిలో ఎక్కువమంది ఎవరికీ హాని చేసేవారు కారు. నిజానికి మనకంటే వారికే భయం ఎక్కువ. ఎవరో తరుముతున్నారని, అన్నంలో ఏదో కలిపారని, తాను ఎందుకూ పనికిరానని లోలోపల వణికిపోతుంటారు. ఎప్పుడో ఒకరోజు తిట్లు తింటాం, అరుదుగా ఒక దెబ్బ కూడా. మరునాడు అదే మనిషి దగ్గరికి వెళ్ళి "టిఫిన్ చేశారా?" అని అడుగుతాం. జ్వరం వచ్చినవాడు పలవరిస్తే మనం కోపం తెచ్చుకోం కదా, ఇదీ అంతే.

డాక్టరుగారు చూసేది, మేము చూసేది

డాక్టరుగారు ఉదయం రౌండ్సుకు వచ్చి ఒక్కొక్కరితో కొంతసేపు మాట్లాడతారు. మిగిలిన రోజంతా, రాత్రంతా రోగి మా కళ్ళముందు ఉంటాడు. మూడు షిఫ్టులలో ఎవరో ఒకరం ఉంటూనే ఉంటాం. ఎన్ని గంటలు నిద్రపోయాడు, ఎంత తిన్నాడు, స్నానం చేశాడా, ఎవరితో మాట్లాడాడు, ఒంటరిగా ఉన్నప్పుడు ఎవరికో జవాబు చెబుతున్నట్లు పెదవులు కదుపుతున్నాడా, ఇవన్నీ రాసి పెడతాం. "రాత్రి బాగా నిద్రపట్టిందండీ" అని రోగి డాక్టరుగారితో చెప్పవచ్చు. రెండు గంటలకు లేచి తెల్లవారేవరకు కిటికీ దగ్గర కూర్చున్నాడని నైట్ డ్యూటీ నర్సు పుస్తకంలో ఉంటుంది. ఆ ఒక్క వాక్యం చూసి డాక్టరుగారు మందు మోతాదు మార్చవచ్చు.

హిల్డెగార్డ్ పెప్లౌ అనే అమెరికన్ నర్సు 1952లో ఒక పుస్తకం రాశారు. నర్సుకూ రోగికీ మధ్య ఏర్పడే నమ్మకమే చికిత్సలో ఒక భాగమని ఆమె అందులో వివరించారు. ప్రపంచమంతటా మానసిక నర్సింగ్ బోధనలో ఆమె పేరు వినబడుతుంది. మేము రోగి పక్కన కూర్చుని కబుర్లు చెబుతుంటే "సిస్టర్లు ఖాళీగా ఉన్నారు" అనుకోకండి. అప్పుడే మా ముఖ్యమైన పని జరుగుతూ ఉంటుంది.

చేర్చుకున్న రోజు

మొదట శరీరాన్ని పరీక్షిస్తాం. బి.పి., షుగరు, జ్వరం చూస్తాం, రక్తపరీక్షలకు పంపుతాం. ఎందుకంటే షుగరు పడిపోయినా, రక్తంలో ఉప్పు తగ్గినా, థైరాయిడ్ లోపం ఉన్నా, తలకు దెబ్బ తగిలినా మనిషి మాట తేడాగా ఉండవచ్చు. ముసలివారిలో మూత్రంలో ఇన్ఫెక్షన్ వల్ల కూడా ఒక్కసారిగా మతి తప్పినట్లు కావచ్చు. శరీరం వేరు, మనసు వేరు అని విడదీసి వైద్యం చేయడం కుదరదు.

సంచి కూడా వెతుకుతాం. బ్లేడ్లు, తాళ్ళు, అగ్గిపెట్టెలు, పాత మాత్రలు తీసి పక్కన పెడతాం. కొందరు బంధువులు దీన్ని అవమానంగా భావిస్తారు. దయచేసి అలా అనుకోకండి. ఇది మీవాళ్ళ ప్రాణానికి కాపలా.

తాగుడు మానడానికి చేరినవారి విషయంలో మొదటి మూడు నాలుగు రోజులు చాలా కీలకం. ఏళ్ళ తరబడి రోజూ తాగిన మనిషి ఒక్కసారిగా ఆపితే, కొన్ని గంటల్లోనే చేతులు వణకడం, చెమటలు పట్టడం మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్సు రావచ్చు. రెండు మూడు రోజులకు లేనివి కనబడడం, ఎక్కడున్నాడో తెలియకపోవడం కూడా జరగవచ్చు. ఇది ప్రాణాపాయ స్థితి. అందుకే నాడి, బి.పి., వణుకు మళ్ళీ మళ్ళీ చూస్తుంటాం. గ్లూకోజు ఎక్కించేముందు విటమిన్ బి1 ఇంజక్షను తప్పకుండా ఇస్తాం. అది లేకపోతే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. "గదిలో పెట్టి తాళం వేస్తే వాడే మానేస్తాడు" అని ఇంటివద్ద ప్రయత్నించకండి.

మాత్రల వేళ

మాత్ర చేతిలో పెట్టి వెళ్ళిపోవడం మా పని కాదు. నీళ్ళు తాగాక నోరు తెరవమంటాం, నాలుక కింద చూస్తాం. మాత్ర దాచి పారేసేవారు ఉంటారు, పది దాచి ఒకేసారి మింగాలని చూసేవారూ ఉంటారు. లిథియం వాడేవారికి రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటల తరువాత రక్తం తీసి, మందు ఎంత ఉందో చూడాలి. ఎండాకాలంలో వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆ మందు ఒంట్లో పెరిగిపోయి చేతులు వణుకుతాయి, నడక తూలుతుంది. అప్పుడు వెంటనే ఆసుపత్రికి తీసుకురావాలి. క్లోజపిన్ వాడేవారికి మొదటి 18 వారాలు వారం వారం రక్తంలో తెల్లకణాలు లెక్కించాలి. డిప్రెషన్ మందులు పనిచేయడానికి రెండు నుండి నాలుగు వారాలు పడుతుంది. "వారం వేశాం, ఏమీ తేడా లేదు" అని ఆపేసేవారికి ఇది చెబుతూనే ఉంటాం.

అయితే మాత్రలతోనే అంతా అయిపోదు. వార్డులో ప్రతిదానికీ ఒక వేళ ఉంటుంది. లేవడం, పక్క సర్దుకోవడం, స్నానం, నడక, తోటపని, కుట్టుపని, అందరూ కలిసి కూర్చుని మాట్లాడుకోవడం, కోరుకున్నవారికి ప్రార్థన, రాత్రి ఒకే వేళకు నిద్ర. రోజులు గజిబిజిగా కలిసిపోయిన మనసుకు ఈ క్రమమే ఒక ఊతకర్ర. మొక్కకు నీళ్ళు పోయడం చిన్న పని అనిపించవచ్చు. నెల రోజులుగా మంచం దిగని మనిషి ఆ పని చేస్తే మాకు పండుగే.

ఒక్కసారిగా నవ్వు వస్తే

మా వార్డులో ఒకటికి రెండుసార్లు చూసిన సంగతి, ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చి చెబుతున్నాం. కాన్పయిన రెండు నెలలకు ఒక తల్లి వచ్చింది. ఆరు రోజులు గోడవైపు తిరిగి పడుకుంది. బిడ్డను చూడదు, అన్నం ముట్టదు. ఏడవ రోజు ఉదయం తానే లేచి స్నానం చేసి, తల దువ్వుకొని, నవ్వుతూ కూర్చుంది. చెవి దుద్దులు తీసి తన తల్లి చేతిలో పెట్టి "పాపకి దాచమ్మా" అంది. ఆ తల్లి సంతోషం చెప్పనలవి కాదు. "నయమైపోయింది సిస్టర్, ఇంటికి పంపించేయండి" అంది.

రాత్రి డ్యూటీ నర్సు రాసినదాంట్లో మాత్రం ఆమె ఆ రాత్రి కన్ను మూయలేదని ఉంది. మందు పనిచేయడానికి ఆరు రోజులు చాలవని కూడా మాకు తెలుసు. మాలో ఒకరం ఆమె పక్కన కూర్చుని నెమ్మదిగా, సూటిగా అడిగాం. "చనిపోవాలనిపిస్తోందా అమ్మా?" చాలాసేపు పలకలేదు. తరువాత ఏడ్చింది. ఎక్కడ, ఎలా అన్నది అంతా ఆలోచించుకొని ఉంది. నిర్ణయం తీసేసుకున్నాక వచ్చిన ప్రశాంతత ఆ నవ్వు.

ఆ క్షణం నుండి చేతికందే దూరంలో ఒక నర్సు ఎప్పుడూ ఉండేటట్లు చేశాం. డాక్టరుగారు చికిత్స మార్చారు. కొన్ని వారాలకు ఆమె బిడ్డను ఎత్తుకొని ఇంటికి వెళ్ళింది.

చావు గురించి అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందని చాలామంది భయపడతారు. అది నిజం కాదు. అడిగితే మనసులోని బరువు కొంత దిగుతుంది, కాపాడే దారి దొరుకుతుంది. ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, అప్పగింతలు పెడుతున్నట్లు మాట్లాడడం, చాలా రోజుల దిగులు తరువాత ఒక్కసారిగా నెమ్మదించడం, ఇవి కనిపిస్తే ఒంటరిగా వదలకండి.

గొలుసులు వద్దు

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో మానసిక రోగులను ఉంచిన ఒక పాకకు నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉండడంవల్ల తప్పించుకోలేక 28 మంది చనిపోయారు. కుటుంబాలు ద్వేషంతో వారిని అక్కడ వదలలేదు. నయమవుతారన్న ఆశతోనే వదిలాయి.

2018 మే 29 నుండి అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 రోగిని ఏ విధంగానైనా గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది. మత్తు ఇవ్వకుండా కరెంటు చికిత్స చేయకూడదు. తనకో ఇతరులకో వెంటనే హాని జరుగుతుందనుకున్నప్పుడు, వేరే దారి లేనప్పుడు మాత్రమే, డాక్టరు అనుమతితో, అవసరమైనంతసేపే రోగిని కట్టడి చేయాలి. ఆ కాస్త సమయంలో కూడా నర్సు దగ్గర ఉండి కనిపెట్టుకోవాలి. నిజానికి మా నేర్పు అంతా అక్కడిదాకా రానివ్వకపోవడంలోనే ఉంది. గొంతు తగ్గించి మాట్లాడడం, ఎదురుగా మీదమీదకు వెళ్ళకపోవడం, చుట్టూ గుమిగూడినవారిని పంపేయడం, కాసిన్ని మంచినీళ్ళివ్వడం, వాదించకపోవడం. ఇంటివద్ద మీరూ ఇవి చేయవచ్చు.

వదిలి వెళ్ళకండి

మన తెలుగువారు ఎందరో వైద్యానికి వెళ్ళే రాయవేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు బాగాయంలో మానసిక ఆరోగ్య కేంద్రం ఉంది. అది 1957లో మొదలైంది. కుటుంబ సభ్యులు రోగితోపాటు అక్కడే ఉండి చికిత్సలో పాలుపంచుకోవడం ఆ కేంద్రం ప్రత్యేకత. ఉదయం నుండి రాత్రి వరకు నర్సు ఏమి చేస్తుందో పక్కనుండి చూసినవారు, ఇంటికి వెళ్ళాక అదే చేయగలరు. అడ్రసు రాసిచ్చి, డబ్బు కట్టి వెళ్ళిపోయిన కుటుంబంలో ఆ మనిషి మళ్ళీ ఇమడడం కష్టం. అందుకే "మీరు పొండి, మేము చూసుకుంటాం" అని మేము అనం. "ఉండండి, నేర్పిస్తాం" అంటాం.

ఇంటికి వెళ్ళాక మీరే నర్సు

• మందులు ఒకరి బాధ్యతలో ఉంచండి. దగ్గరుండి వేయించండి. నయమైందని మీ అంతట మీరే ఆపకండి. జబ్బు తిరగబెట్టడానికి ముఖ్య కారణం ఇదే.
• నిద్రను గమనించండి. వరుసగా రెండు మూడు రాత్రులు నిద్ర తగ్గితే డాక్టరుగారికి చెప్పండి. జబ్బు తిరిగి వచ్చేముందు చాలామందిలో మొదట చెడేది నిద్రే.
• పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఉంచకండి. ఉంచక తప్పకపోతే పెట్టెలో పెట్టి తాళం వేయండి.
• "సోమరిపోతు" అనకండి. చిన్న పని ఒకటి అప్పగించి, చేసినప్పుడు మెచ్చుకోండి.
• తేదీ ప్రకారం చూపించుకోవడానికి రండి, బాగున్నా సరే.

"ప్రార్థన చేయిస్తున్నాం కదా, మాత్రలు ఎందుకు?" అని అడిగేవారున్నారు. షుగరున్న మనిషి ప్రార్థించి కూడా ఇన్సులిన్ వేసుకుంటాడు. ఇదీ అంతే. ప్రార్థనకు మేము అడ్డు చెప్పం, దానివల్ల ధైర్యం పొందినవారిని చూశాం. ఉపవాసం పేరుతో మందులు మాన్పించడం మాత్రం ప్రమాదం.

నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015–16లో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, పెద్దవారిలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో బాధపడుతున్నట్లు, వారిలో ఎక్కువమందికి చికిత్స అందడంలేదని తేలింది. అంటే మన వీధిలో, మన సంఘంలో, మన బంధువుల్లో ఇలాంటివారు తప్పక ఉంటారు. సలహా కావాలంటే 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్ సేవకు 14416 నంబరుపై ఫోను చేయవచ్చు. డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులో మాట్లాడతారు.

చివరిగా ఒక మనవి. కాలు విరిగి ఆర్థో వార్డులో ఉన్నవారి మంచం పక్కన బత్తాయిలు, బ్రెడ్డు ప్యాకెట్లు, హార్లిక్స్ సీసాలు వరుసగా ఉంటాయి. మా వార్డులో చాలా మంచాల పక్కన ఏమీ ఉండదు. ఎవరైనా చూస్తారని రాకుండా ఉండేవారే ఎక్కువ. ఈసారి మీ బంధువో, మీ సంఘస్థుడో మా వార్డులో ఉన్నాడని తెలిస్తే, సందర్శన వేళల్లో నాలుగు బత్తాయిలు పట్టుకొని రండి. వాటిని వలిచి పెడుతూ పది నిమిషాలు కూర్చోండి. ఆ పూట అతను ఎలా ఉన్నాడో మా పుస్తకంలో రాసేటప్పుడు, మీరు వచ్చిన సంగతి కూడా రాస్తాం.