అరవై లీటర్ల సముద్రం, కర్నూలు బోరు నీళ్ళు

"తాగే నీళ్ళకే ట్యాంకర్ కోసం ఎదురుచూస్తాంటే, నువ్వు ఇంట్లో సముద్రం పెడతావా?" అని మా నాయన అడిగినాడు. ఇంటర్ అయిపోయిన వేసవిలో నేను ఉప్పునీళ్ళ అక్వేరియం మొదలుపెట్టినప్పటి మాట ఇది. దానికి జవాబు దొరకడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఒక చేప కూడా పోయింది.

ముందే ఒక విషయం చెప్పాలి. రీఫ్ ట్యాంక్ అనగానే అందరికీ రంగురంగుల పగడాలే గుర్తొస్తాయి. కానీ మన దేశంలో గట్టి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. పులి ఉన్న షెడ్యూల్ కూడా అదే. అందుకే నా ట్యాంకులో పగడాలు లేవు. 60 లీటర్ల నీళ్ళు, సిరామిక్ రాళ్ళు, రెండు క్లౌన్ ఫిష్, అంతే. నీళ్ళ లెక్కలు మాత్రం రీఫ్ ట్యాంకువే.

సముద్రపు నీళ్ళలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అంటే 60 లీటర్లకు 2 కిలోల పైనే. వంట ఉప్పు పనికిరాదు. కాల్షియం, మెగ్నీషియం వంటివి కూడా ఉన్న సాల్ట్ మిక్స్ కావాలి. చేపల వ్యర్థాలు, మిగిలిన మేత కుళ్ళి అమోనియా అవుతుంది. రాళ్ళ మీద పెరిగే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. అమోనియా, నైట్రైట్ చేపలకు విషం. నైట్రేట్ అంత ప్రమాదం కాదు గానీ, పాచికి అదే ఎరువు. దానికి ఫాస్ఫేట్, వెలుతురు తోడైతే చాలు.

ఏప్రిల్ వచ్చేసరికి ట్యాంకులో నీళ్ళు 31 డిగ్రీలు దాటినాయి. 26 దగ్గర ఉండాలి. చిల్లర్ కొనే డబ్బు లేక నీళ్ళ మీదికి చిన్న ఫ్యాన్ పెట్టాను. నీళ్ళు చల్లబడ్డాయి గానీ రోజుకు లీటరున్నర ఆవిరైపోయేది. ఆ లోటు బోరు నీళ్ళతో నింపాను. నా తప్పు అక్కడే ఉంది.

ఆవిరయ్యేది నీళ్ళు మాత్రమే, అందులో కరిగినవన్నీ ట్యాంకులోనే మిగిలిపోతాయి. టెస్ట్ కిట్‌తో చూస్తే మా బోరు నీళ్ళలో నైట్రేట్ లీటరుకు 40 మిల్లీగ్రాములు. తాగే నీళ్ళకు మన ప్రమాణం ప్రకారం పరిమితి 45. తాగడానికి పాస్ అయిన నీళ్ళే కదా అనుకున్నా. కానీ లెక్క వేసి చూడండి: రోజుకు లీటరున్నర అంటే 60 మిల్లీగ్రాములు. దాన్ని 60 లీటర్లకు పంచితే లీటరుకు 1. ఇది లూప్‌లో పెట్టిన కౌంటర్ లాంటిది, నెలకు 30 పెరుగుతుంది. మేత వల్ల వచ్చేది దీనికి అదనం.

ముందు గోధుమరంగు పొర వచ్చింది. తర్వాత రాళ్ళ నిండా పచ్చటి వెంట్రుకల్లాంటి పాచి. చూడ్డానికి బాగానే ఉందని వదిలేశాను. పాచి పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే ఆక్సిజన్ తీసుకుంటుంది. పైగా వేడి నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది. ఒకరోజు రాత్రి కరెంటు పోయి పంపు ఆగింది. తెల్లారేసరికి ఒక చేప నీళ్ళ మీద తేలుతోంది.

పాచిని చంపే మందు కోసం వెతికాను. కానీ మందు వేస్తే చచ్చిన పాచి కుళ్ళి మళ్ళీ అమోనియానే అవుతుంది. అందుకే మందు మానేసి ఇవి చేశాను:

చేత్తో పాచి పీకి బయట పారేశాను, దాంతోపాటు అది తిన్న నైట్రేట్ కూడా పోతుంది. లైట్ 12 గంటల నుంచి 7 గంటలకు తగ్గించాను. మేత రెండు నిమిషాల్లో తినేంత మాత్రమే వేశాను. ఆవిరైన లోటును ఆర్వో నీళ్ళతోనే నింపాను, ఉప్పు కలపకుండా. ఇక్కడ ఒక జాగ్రత్త: చాలా ఇంటి ఆర్వోల్లో రుచి కోసం కొంత బోరు నీళ్ళు తిరిగి కలిపే టీడీఎస్ కంట్రోలర్ ఉంటుంది. దాన్ని మూసేయాలి. పంపుకు బ్యాటరీ బ్యాకప్ పెట్టాను.

వారానికి 6 లీటర్లు మార్చుతూ వస్తే ఆరు వారాలకు రాళ్ళు మళ్ళీ కనిపించాయి.

తమాషా ఏమిటంటే, మన కడప జిల్లా వేంపల్లె దగ్గరి రాళ్ళలో స్ట్రొమాటొలైట్లు ఉన్నాయి. దాదాపు 190 కోట్ల ఏళ్ళ కింద ఇక్కడ లోతులేని సముద్రం ఉన్నప్పుడు, నీలి ఆకుపచ్చ పాచి అనే సూక్ష్మజీవులు పొర మీద పొరగా కట్టిన రాళ్ళవి. అంటే రాయలసీమకు సముద్రం కొత్త కాదు, పాచీ కొత్త కాదు.

మరి మా నాయన ప్రశ్నకు జవాబు? ఆర్వో వదిలేసే నీళ్ళు ఇప్పుడు బకెట్‌లో పట్టి అమ్మ ఇల్లు తుడవడానికి వాడుతుంది. కానీ ట్యాంకు నుంచి వారం వారం తీసే 6 లీటర్లలో 210 గ్రాముల ఉప్పు ఉంటుంది. చెట్లకు పోస్తే నేల చౌడైపోతుంది. అవి మోరీలోకే పోతాయి. ఆ నష్టం నిజమే, దాన్ని నేను దాచను. అందుకే పెద్ద ట్యాంకు ఆలోచన మానేశాను. మీరు మొదలుపెట్టేముందు చేపల రేటు కాదు, మీ బోరు నీళ్ళ నైట్రేట్ ఎంతో చూసుకోండి.