వేడినీటికి హీట్‌ పంప్‌: ఇంటికి భారం.. వసతిగృహానికి లాభం

పుల్లలచెరువు: చలిదేశాల్లో ఇళ్లను వెచ్చబరిచే చమురు బాయిలర్ల స్థానంలోకి ‘హీట్‌ పంప్‌’ యంత్రాలు వస్తున్నాయి. భవనాల వెచ్చదనానికి ఖనిజ తైలం మండించడాన్ని నార్వే 2020 నుంచి నిషేధించింది. నల్లమల అంచున ఉన్న మన పల్లెలకు ఆ అవసరం లేదు. ఇక్కడ కావాల్సింది స్నానానికి వేడినీళ్లే. కట్టెల పొయ్యిపై కాగు, కిరోసిన్‌ స్టవ్వు, 1999లో మొదలైన దీపం పథకంతో గ్యాస్‌, ఆపై గీజరు.. ఇలా మారుతూ వచ్చిన వరుసలో ఈ యంత్రం కొత్తది.

దీని పనితీరు ఫ్రిజ్‌కు తిరగేసిన పద్ధతి. ఫ్రిజ్‌ లోపలి వేడిని వెలుపలికి నెడుతుంది. ఇది బయటి గాలిలోని వేడిని గ్రహించి నీటికి అందిస్తుంది. కరెంటు ఖర్చయ్యేది ప్రధానంగా కంప్రెసర్‌కే. అందువల్ల ఒక యూనిట్‌ విద్యుత్తుతో సుమారు మూడు యూనిట్ల వేడి లభిస్తుంది. గాలి ఎంత వెచ్చగా ఉంటే ఫలితం అంత మెరుగు. మన ఎండలు దీనికి అనుకూలమే. అయితే ఎండ మండే నెలల్లో వేడినీళ్లు అడిగేదెవరు?

లెక్క చూస్తే..

వంద లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 50 డిగ్రీలకు కాచడానికి గీజరుకు దాదాపు 3 యూనిట్లు, హీట్‌ పంప్‌కు ఒక యూనిట్‌ పడుతుంది. యూనిట్‌ రూ.6 చొప్పున లెక్కిస్తే నెలకు ఆదా రూ.360. చలికాలం నాలుగు నెలలే వాడితే ఏడాదికి రూ.1,440. గీజరు కన్నా యంత్రానికి రూ.50 వేలు అధికంగా పెట్టామనుకుంటే ఆ సొమ్ము తిరిగి రావడానికి 34 ఏళ్లకు పైగా పడుతుంది. యంత్రం అన్నాళ్లు మన్నదు. సాధారణ కుటుంబానికి మేడపై సౌర హీటరే మేలు.

వసతిగృహం సంగతి వేరు. వంద మంది విద్యార్థులకు తలా 20 లీటర్ల చొప్పున రోజూ 2 వేల లీటర్లు కావాలి. గీజర్లతో 58 యూనిట్లయ్యే చోట 20 యూనిట్లతో సరిపోతుంది. అదే ధరన నెలకు దాదాపు రూ.6,800 మిగులుతుంది. లాడ్జీలకూ ఇదే లెక్క.

బోరు నీటితోనే చిక్కు

కొనేముందు చూడాల్సింది బోరు నీటిని. నీరు గట్టిదైతే కాగినప్పుడు అందులోని సున్నం గొట్టాల లోపల తెల్లటి పొరగా పేరుకుంటుంది. వేడి నీటికి అందక కరెంటు ఖర్చు పెరుగుతుంది. గీజరుకైనా, సౌర హీటరుకైనా ఈ బెడద తప్పదు. 50 డిగ్రీల వద్ద ఉంచితే పొర నెమ్మదిగా కడుతుంది. పెద్ద ట్యాంకుల్లో మాత్రం సూక్ష్మజీవులు పెరగకుండా నీటిని అప్పుడప్పుడు 60 డిగ్రీలు దాటించాలి. ఏటా పొర తీయించే ఖర్చునూ ముందే లెక్కలో వేసుకోవాలి.

పశ్చిమ ప్రకాశంలో ఫ్లోరైడ్‌ బాధ తెలిసిందే. నీటిని ఎంత కాచినా ఫ్లోరైడ్‌ పోదు. ఆవిరైన మేర మిగిలిన నీటిలో దాని గాఢత పెరుగుతుంది. కనుక ఏ యంత్రంలో కాగినా బోరు నీరు స్నానానికే తప్ప తాగడానికి కాదు.