ఘాట్‌లో గేర్‌బాక్స్ మరిగింది: ట్రాన్స్‌మిషన్ కూలర్ అప్‌గ్రేడ్, నా అనుభవం, నా లెక్కలు

ఇక్కడ నేను ఎప్పుడూ ఫోన్ల వేడి గురించే రాస్తుంటాను. గంట గేమ్ ఆడితే 44 డిగ్రీలు, ఫాస్ట్ ఛార్జింగ్‌లో 41 డిగ్రీలు, ఇలాంటివి. ఈసారి మాత్రం 124 డిగ్రీల కథ. ఫోన్‌ది కాదు, మా కారు గేర్‌బాక్స్‌ది.

డిసెంబర్‌లో ఒక ఆదివారం. వైజాగ్ నుంచి అరకు బయల్దేరాం. అమ్మ, నాన్న, అక్క, అక్క కూతురు, నేను. కారు ఎనిమిదేళ్ల పాత ఎస్‌యూవీ, 6 స్పీడ్ ఆటోమేటిక్, సెకండ్ హ్యాండ్‌లో నాలుగున్నర లక్షలకి కొన్నాను. నా మూడేళ్ల సేవింగ్స్ అది. ఆటోమేటిక్కే ఎందుకంటే, నాన్నకి ఎడమ మోకాలి ఆపరేషన్ అయింది, క్లచ్ తొక్కొద్దని డాక్టర్ చెప్పారు. ముప్ఫై ఏళ్లు బండి నడిపిన మనిషి రెండేళ్లుగా పక్క సీట్లో కూర్చుంటున్నారు. ఆ కారుతో మళ్లీ స్టీరింగ్ పట్టుకున్నారు.

ఎస్. కోట దాటి ఘాట్ ఎక్కుతున్నాం. సీజన్ కదా, టూరిస్టు బస్సుల వెనక నత్తనడక. టైడ దాటాక గేర్లు జర్క్ ఇవ్వడం మొదలైంది. కాసేపటికి డిస్‌ప్లే మీద వార్నింగ్ వచ్చింది: ట్రాన్స్‌మిషన్ వేడెక్కింది, బండి పక్కకి ఆపండి. నాన్న ఆపారు. వెనక టైర్ల కింద రాళ్లు పెట్టాం. నలభై నిమిషాలు అక్కడే ఉన్నాం. పాప బిస్కెట్లు తింటూ కోతుల్ని లెక్కపెడుతోంది. నాన్న మాత్రం రోడ్డు వైపు చూస్తూ, "ఈ బండి అమ్మేయ్‌రా. నేనింక నడపనులే" అన్నారు.

మర్నాడు ఒక సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే, గేర్‌బాక్స్ విప్పి కూడా చూడకుండా ఓవర్‌హాల్‌కి 1,70,000 రూపాయలు ఎస్టిమేట్ రాసిచ్చారు. అంత డబ్బు లేదు. అమ్మడానికి మనసు రాలేదు. సరే, మనం ఇంజనీర్లం కదా, ముందు కొలుద్దాం అనుకున్నాను.

ఆ వేడి ఎక్కడి నుంచి వస్తుంది?

టార్క్ కన్వర్టర్ ఉన్న ఆటోమేటిక్‌లో ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య క్లచ్ ప్లేట్ బదులు ఆయిల్ పనిచేస్తుంది. ఎదురెదురుగా రెండు ఫ్యాన్లు పెట్టి, ఒకటి ఆన్ చేస్తే దాని గాలికి రెండోది తిరిగినట్టన్నమాట. ఇక్కడ గాలి బదులు ఏటీఎఫ్ అనే ఆయిల్ ఉంటుంది. రెండు వైపులా స్పీడ్‌లో తేడా ఉన్నంతసేపూ ఆయిల్ చిలికినట్టయి వేడెక్కుతుంది. హైవేలో లాకప్ క్లచ్ ఆ రెండింటినీ కలిపి పట్టేస్తుంది కాబట్టి సమస్య ఉండదు. ఘాట్‌లో, తక్కువ స్పీడ్‌లో, ఫుల్ లోడ్‌తో ఎక్కేటప్పుడు లాకప్ ఎక్కువసేపు విడిపోయే ఉంటుంది. పైగా గ్రిల్‌లోకి వచ్చే గాలీ తక్కువే.

కంపెనీ ఇచ్చే కూలర్ చాలా కార్లలో రేడియేటర్ ట్యాంక్ లోపలే ఉంటుంది. అంటే ఏటీఎఫ్‌ని చల్లబరిచేది దాదాపు 90 డిగ్రీల ఇంజన్ కూలెంట్. పొద్దున్నే ఆయిల్ త్వరగా వెచ్చబడటానికి అది మంచిదే. కానీ కూలెంట్ కంటే ఆయిల్ చల్లగా అవ్వడం మాత్రం దాంతో కుదరదు. ఎక్స్‌ట్రా కూలర్ చేసే పని సింపుల్: రేడియేటర్ నుంచి బయటికొచ్చిన ఆయిల్‌ని బయటి గాలితో ఇంకోసారి చల్లబరిచి గేర్‌బాక్స్‌కి పంపుతుంది.

ఏటీఎఫ్ సాధారణంగా 80 నుంచి 95 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. ఆపైన ప్రతి 11 డిగ్రీలకీ ఆయిల్ ఆయుష్షు సగానికి పడిపోతుందని మెకానిక్‌లు ఎప్పటి నుంచో వాడే మోటు లెక్క ఒకటుంది. 115 దాటితే ఆయిల్ జిడ్డు కట్టడం మొదలవుతుంది. 127 దగ్గర సీల్స్ గట్టిపడతాయి. మా బండి 124 చూసింది.

కొనేముందు కొలవండి

ఓబీడీ పోర్ట్‌లో పెట్టే బ్లూటూత్ ఈఎల్‌ఎమ్327 అడాప్టర్, ఆండ్రాయిడ్ ఫోన్‌లో టార్క్ ప్రో యాప్. ఇదే నా సెటప్. ఐఫోన్ వాళ్లు వైఫై లేదా బ్లూటూత్ లో ఎనర్జీ సపోర్ట్ ఉన్న అడాప్టర్ తీసుకోవాలి, పాత బ్లూటూత్‌వి కనెక్ట్ అవ్వవు. ఇంకో చిక్కు ఏంటంటే, ఇంజన్ కూలెంట్ టెంపరేచర్ అన్ని కార్లలో ఒకే స్టాండర్డ్ కోడ్‌తో వస్తుంది, ట్రాన్స్‌మిషన్ టెంపరేచర్ అలా రాదు. ఒక్కో కంపెనీకి ఒక్కో కోడ్. మీ మోడల్‌ది వెతికి యాప్‌లో మీరే యాడ్ చేసుకోవాలి. పని అయ్యాక అడాప్టర్ తీసేయండి, రోజుల తరబడి వదిలేస్తే బ్యాటరీ తాగేస్తుంది.

ఎస్. కోట నుంచి గాలికొండ వ్యూపాయింట్ వరకు ఒకే రూట్, ఏసీ ఆన్, నలుగురు మనుషులు. ఫ్రెండ్స్‌కి అరకు బొంగు చికెన్ ఆశ చూపించి తీసుకెళ్లాను. మొదటి రన్‌లో, ట్రాఫిక్ తక్కువున్నా, పీక్ 124 డిగ్రీలు. హైవేలో మాత్రం 88. అంటే గేర్‌బాక్స్ పోలేదు, ఘాట్‌లో దానికి ఊపిరి ఆడట్లేదు.

మొదటి అప్‌గ్రేడ్ కూలర్ కాదు, ఆయిల్

మా వీధి చివర మెకానిక్ అన్న ఆయిల్ తీసి తెల్ల కాగితం మీద వేశాడు. ఎర్రగా ఉండాల్సింది కాఫీ డికాక్షన్‌లా ఉంది, మాడు వాసన. "లైఫ్‌టైమ్ ఆయిల్ అని రాస్తారు గురూ, ఎవడి లైఫో రాయరు" అన్నాడు. ఈ గేర్‌బాక్స్‌లు తయారుచేసే జెడ్‌ఎఫ్ లాంటి కంపెనీయే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లకి ఆయిల్ మార్చమంటుంది. మాది 78,000 తిరిగింది, ఒక్కసారీ మార్చినట్టు రికార్డ్ లేదు.

ఒకసారి డ్రెయిన్ చేస్తే మొత్తం ఆయిల్ రాదు, చాలావరకు టార్క్ కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. అందుకే మధ్యలో కొన్ని రోజులు తిప్పుతూ మూడుసార్లు డ్రెయిన్ చేసి నింపాం. మాన్యువల్‌లో రాసిన గ్రేడే వాడాం. ఇందులో "ఏదో ఒక ఏటీఎఫ్" అనేది లేదు.

జర్క్‌లు పోయాయి. కానీ ఘాట్‌లో పీక్ 121. కేవలం మూడు డిగ్రీల తేడా. నాకు అప్పుడు అర్థమైంది: కొత్త ఆయిల్ గేర్‌బాక్స్‌ని కాపాడుతుంది, ఆ ఆయిల్‌ని కాపాడటానికి ఇంకోటి కావాలి.

ఖర్చు లేని పని ఒకటి చేశాను. డీ మోడ్‌లో వదిలేయకుండా మాన్యువల్ మోడ్‌లో గేర్ ఫిక్స్ చేసి ఎక్కాను. మాటిమాటికీ గేర్లు మారడం ఆగింది, మా బండిలో లాకప్ కూడా ఎక్కువసేపు పట్టుకుంది. పీక్ 113. ఫ్రీగా ఎనిమిది డిగ్రీలు.

కూలర్ ఎంపిక, నేను చేసిన తప్పు

మార్కెట్‌లో మూడు రకాలున్నాయి. గొట్టం చుట్టూ రేకులుండే ట్యూబ్ అండ్ ఫిన్ చవక, కానీ సైజ్‌కి తగ్గ పనితనం తక్కువ. ప్లేట్ అండ్ ఫిన్ మధ్యస్థం. స్టాక్డ్ ప్లేట్ అన్నిటికంటే బాగా పనిచేస్తుంది, ఆయిల్ ప్రవాహానికి అడ్డు కూడా తక్కువ. వీటిలో ఎక్కువ భాగం ట్రైలర్లు లాగే అమెరికన్ పికప్‌ల కోసం తయారైనవి. బాక్స్ మీద బండి బరువు పౌండ్లలో ఉంటుంది. మన బండికి చిన్న సైజ్ చాలు.

నేను ముందు ఏం చేశానంటే, ఆన్‌లైన్‌లో 2,800కి దొరికిన ట్యూబ్ అండ్ ఫిన్ కిట్ కొని, ఒక ఫ్రెండ్‌తో కలిసి అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో బిగించేశాను. తొమ్మిదో రోజు పొద్దున టైల్స్ మీద ఎర్ర చుక్కలు. కిట్‌లో వచ్చిన పైపు మామూలు ఫ్యూయల్ హోస్. ఏటీఎఫ్ వేడికి క్లాంప్ దగ్గర గట్టిపడి చెమ్మ వదులుతోంది. అది ఒక తప్పు. రెండోది, మెటల్ లైన్‌ని సాదాగా కోసి పైపు తొడిగాను. కోసిన కొనకి ఉబ్బు అంచు లేకపోతే ప్రెషర్‌కి పైపు జారిపోవచ్చు. మూడోది, కూలర్‌ని ఏసీ కండెన్సర్ రేకుల్లోంచి దూర్చే ప్లాస్టిక్ టైలతో కట్టాను. రోడ్డు అదురుకి అవి రాసుకుని కండెన్సర్‌కే బొక్క పడొచ్చు.

అది ఘాట్‌లో ఊడి ఉంటే? వేడి ఎగ్జాస్ట్ మీద ఆయిల్ పడితే మంట. పడకపోయినా, ఆయిల్ మొత్తం పోతే నిమిషాల్లో గేర్‌బాక్స్ ఖతం. నాన్న స్టీరింగ్ దగ్గర, వెనక పాప. ఆ రోజు ఆఫీస్‌లో ఏ పనీ చేయలేకపోయాను.

సాయంత్రం మెకానిక్ అన్న దగ్గరికెళ్లి అంతా చెప్పాను. తిట్టలేదు. "యాప్‌లో చూసింది కరెక్టే, బిగించిందే తప్పు" అని మొత్తం విప్పించాడు.

రెండోసారి లెక్క ఇది:

- చిన్న స్టాక్డ్ ప్లేట్ కూలర్: 9,500
- ఎస్‌ఏఈ జే1532 అని ముద్రించిన ట్రాన్స్‌మిషన్ హోస్, మంచి క్లాంపులు: 1,400
- లైన్ కొనలకి అంచు తీయడం, అల్యూమినియం బ్రాకెట్లు, లేబర్: 3,000
- ముందే మార్చిన ఆయిల్, మూడు విడతలూ కలిపి: 8,200

మొత్తం 22,100. చవక కిట్ 2,800 నా ట్యూషన్ ఫీజు.

బిగించే వరసా ముఖ్యమే. గేర్‌బాక్స్ నుంచి ఆయిల్ ముందు రేడియేటర్‌లోకి, అక్కడి నుంచి కొత్త కూలర్‌లోకి, తర్వాత వెనక్కి. రెండు లైన్లలో ఏది వెనక్కి వచ్చేదో తెలియకపోతే బండి వేడెక్కాక ఐఆర్ థర్మామీటర్‌తో చూడండి, తక్కువ వేడిగా ఉన్నది రిటర్న్. కూలర్ నాజిల్స్ పైకి గానీ పక్కకి గానీ ఉండాలి, కిందికుంటే లోపల గాలి ఇరుక్కుంటుంది. కూలర్ వల్ల ఆయిల్ కొంచెం ఎక్కువ పడుతుంది కాబట్టి, ఇంజన్ ఆన్‌లో, మాన్యువల్ చెప్పిన టెంపరేచర్ దగ్గర లెవెల్ మళ్లీ చెక్ చేయాలి.

రిజల్ట్

అదే ఘాట్, నలుగురు మనుషులు. డీ మోడ్‌లో పీక్ 105. మాన్యువల్ మోడ్‌లో 98. బస్సుల వెనక నత్తనడకలో 108 వరకు వెళ్లింది, ఎందుకంటే గాలి లేకపోతే ఏ కూలరూ అద్భుతం చేయలేదు. సెన్సర్ ఉన్న చోటుని బట్టి ఈ నంబర్లు మారతాయి కాబట్టి మీ బండితో పోల్చకండి. మీ "ముందు", మీ "తర్వాత" పోల్చుకోండి.

మీకు కావాలా?

ముందు మీ గేర్‌బాక్స్ ఏ రకమో తెలుసుకోండి. ఏఎమ్‌టీ అయితే ఇది అక్కర్లేదు. అది మామూలు గేర్‌బాక్సే, క్లచ్ తొక్కే పని మాత్రం మెషీన్ చేస్తుంది. ఫోక్స్‌వాగన్ గ్రూప్ డీక్యూ200 లాంటి డ్రై క్లచ్ డీసీటీలో వేడెక్కే క్లచ్‌లు ఆయిల్‌లో ఉండవు, ఆయిల్ కూలర్ వాటిని చేరదు. టార్క్ కన్వర్టర్, సీవీటీ, వెట్ క్లచ్ డీసీటీ వాళ్లు ఆలోచించొచ్చు. వారంటీలో ఉంటే మాత్రం ముట్టుకోకండి. సిటీలోనే తిరిగేవాళ్లకి, ఏడాదికోసారి తిరుమల వెళ్లేవాళ్లకి టైమ్‌కి ఆయిల్ మార్చడం, గేర్ పట్టి నడపడం చాలు. ఇప్పటికే క్లచ్‌లు అరిగి స్లిప్ అవుతుంటే కూలర్ బాగుచేయదు.

ఎప్పుడైనా ఘాట్‌లో ఇలాంటి వార్నింగ్ వస్తే, పక్కన ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, పార్క్‌లో పెట్టి ఇంజన్ నడవనివ్వండి. పంపు తిరిగితేనే ఆయిల్ కూలర్‌లోకి వెళ్తుంది. ఆ రోజు మేం వెంటనే ఆపేశాం, అందుకే అంతసేపు పట్టింది. ఆయిల్ కారుతున్నా, ఇంజన్ టెంపరేచర్ కూడా పెరిగినా మాత్రం ఆపేయాల్సిందే.

గత నెల మళ్లీ అరకు వెళ్లాం. మొదటి మలుపు నుంచి గాలికొండ దాకా నాన్నే నడిపారు. నేను డ్యాష్‌బోర్డ్ మీద ఫోన్ పెట్టి 94, 96, 97 అని చదువుతున్నాను. అనంతగిరి దాటాక నాన్న విసుక్కున్నారు: "ఆ ఫోను తియ్‌రా ముందు, రోడ్డు కనపడట్లేదు."

తీసేశాను.